మాక్రో లెన్సు ఇప్పుడే కొనాలా? బైపీసీ తర్వాత ఎటు వెళ్లాలి?

ప్రశ్న: మాది సిద్దిపేట. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో సంవత్సరం చదువుతోంది. ఫోనుకు తగిలించే చిన్న లెన్సుతో పురుగులను ఫొటోలు తీయడం మొదలుపెట్టి, ఇప్పుడు మేనమామ ఇచ్చిన పాత డీఎస్ఎల్ఆర్‌తో తీస్తోంది. చిన్న వస్తువులను దగ్గరగా, పెద్దవిగా తీసే మాక్రో లెన్సు కొనిపెట్టమని, ఫొటోగ్రఫీ కోర్సులో చేర్పించమని పట్టుబడుతోంది. ఈ పనితో బతుకుతెరువు ఉంటుందా? – ఒక తండ్రి

జవాబు: మీరు పంపిన మూడు ఫొటోలనూ తీరిగ్గా చూశాను. కెమెరాతో వచ్చిన 18–55 లెన్సునే రివర్స్ రింగుతో, ముందువైపు కెమెరాకు వచ్చేలా తిప్పి బిగించి తీసిందని రాశారు. ఎవరూ చెప్పకుండానే ఆ ప్రయోగానికి పూనుకుందంటే అమ్మాయికి పనిలో నిజమైన ఆసక్తి ఉందని నా నమ్మకం. చీమ ఫొటోలో కాళ్లు స్పష్టంగా ఉండి కన్ను మసకబారింది. తొలకరికి బయటికి వచ్చిన ఆరుద్ర పురుగు ఫొటోలో ఎరుపు మితిమీరిపోయి, ఆ పురుగుకు అందమంతా తెచ్చే మఖమలు నూగు కనిపించకుండా పోయింది. చింతపువ్వు మాత్రం చక్కగా వచ్చింది, ఎందుకంటే అది కదలదు, పైగా ఆ రోజు మబ్బు పట్టి వెలుతురు మెత్తగా ఉంది.

మొదటి రెండు లోపాలూ కొత్త లెన్సు కొన్నంత మాత్రాన పోయేవి కావు. వస్తువు ఎంత ఉందో కెమెరాలో బొమ్మ పడే భాగమైన సెన్సారు మీద అంతే పరిమాణంలో పడేటట్టు తీసినప్పుడు, లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 11 అంత చిన్నది చేసినా స్పష్టంగా వచ్చే లోతు సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే. అంత దగ్గరలో సెన్సారుకు చేరే వెలుతురు కూడా నాలుగో వంతుకు పడిపోతుంది. అందువల్ల ఖరీదైన మాక్రో లెన్సు చేతిలో ఉన్నా, ఫోకస్ రింగును ఒకచోట స్థిరంగా ఉంచి, ఒంటినే వెంట్రుకవాసి ముందుకూ వెనక్కూ జరుపుతూ కన్ను స్పష్టమైన క్షణంలో నొక్కడం అలవాటు చేసుకోక తప్పదు. ఈ ఏడాది ఖర్చు పెట్టదలిస్తే ఒక మామూలు ఫ్లాషు కొనివ్వండి. దాని ముందు ట్రేసింగ్ పేపరు రెండు పొరలుగా కట్టి, పురుగుకు వీలైనంత దగ్గరగా తెస్తే నీడలు మెత్తబడతాయి, తక్కువ పవరులో ఫ్లాషు వెలిగేది క్షణంలో అతి చిన్న భాగమే కాబట్టి చేతి వణుకు కూడా చాలావరకు కనిపించదు. ఆరుద్ర పురుగును తీసేటప్పుడు ఎక్స్‌పోజరును, అంటే ఫొటోకు అందే వెలుతురును, కొంచెం తగ్గించి, వెలుతురు, రంగుల మోతాదు చూపే కెమెరా గ్రాఫు అయిన హిస్టోగ్రాములో ఎరుపు రంగు గీత కుడి అంచుకు కొట్టుకోకుండా చూసుకోమనండి. తెల్లవారుజామున చల్లదనానికి పురుగులు మందకొడిగా ఉంటాయి కనుక ఆ వేళకు లేవడం మంచిది. కదలకుండా ఉంటాయని వాటిని ఫ్రిజ్‌లో పెట్టే పద్ధతి ఒకటి ప్రచారంలో ఉంది, దయచేసి దాని జోలికి పోనివ్వకండి.

ఇక చదువు సంగతి. హైదరాబాదులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయంలో ఇంటర్ తర్వాత నాలుగేళ్ల బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) ఫొటోగ్రఫీ ఉంది, ప్రవేశ పరీక్ష రాయాలి. మంచి కోర్సే. అయినా పురుగుల ఫొటోలు అమ్ముకుని బతకగలిగేవారు ఎక్కడైనా బహు కొద్దిమంది అన్న మాట మీకు దాచకుండా చెప్పాలి. దగ్గరగా, తప్పులేకుండా చూపించగల నేర్పుకు గిరాకీ వేరేచోట్ల ఉంది. నగల దుకాణాల కేటలాగులు, ఆన్‌లైన్ అమ్మకాల చిత్రాలు, దంతవైద్యుల చికిత్స రికార్డులు, నేరస్థలంలో పక్కన స్కేలు పెట్టి, కెమెరాను ముద్రకు సూటిగా ఎదురుగా నిలిపి తీసే వేలిముద్రల ఫొటోలు, పంట తెగుళ్లను రైతులకు గుర్తుపట్టించే కరపత్రాలు, వీటన్నిటిలోనూ అక్కరకు వచ్చేది ఈ విద్యే.

అందుకే మీ అమ్మాయి బైపీసీని వదులుకోకపోవడం మేలని నా అభిప్రాయం. ఎప్‌సెట్‌లో ర్యాంకు వస్తే బీఎస్సీ అగ్రికల్చర్, రాకపోతే జువాలజీ ఉన్న డిగ్రీ చదవవచ్చు. కీటకశాస్త్రం చదివినవారికి ఏ పురుగు ఏ ఆకు అడుగున ఎప్పుడు గుడ్లు పెడుతుందో తెలుస్తుంది, గుర్తింపుకు రెక్కల ఈనెలు కనిపించాలా, మీసాల కణుపులు కనిపించాలా అన్నదీ తెలుస్తుంది. ఆ ఎరుకతో తీసిన ఫొటో పరిశోధకులకూ పనికి వస్తుంది. ఇప్పటినుంచే ప్రతి ఫొటోకూ తేదీ, ఊరు, మొక్క పేరు, సుమారు పొడవు ఒక నోటుపుస్తకంలో రాయించండి. అంతా విన్నాక కూడా బీఎఫ్ఏ వైపే మొగ్గితే అడ్డుపడకండి, కాకపోతే రెండు ప్రవేశ పరీక్షలూ రాయించండి.

వచ్చే వానాకాలం దాటాక, ఫోకసూ వెలుతురూ చేతికి వచ్చి, పురుగులు దగ్గరికి రానివ్వక పారిపోవడమే అసలు అడ్డంకిగా మిగిలితే, అప్పుడు 90 నుంచి 105 మి.మీ. మధ్య మాక్రో లెన్సు ఒకటి కొనండి. వాటితో రివర్స్ లెన్సుకన్నా దూరం నుంచి తీయవచ్చు. వాడినదైనా ఫరవాలేదు, కానీ డబ్బు ఇచ్చే ముందు లెన్సు వెనుక నుంచి టార్చి వేసి, లోపలి అద్దాల మీద సాలెగూడు పోగుల్లాంటి బూజు పట్టిందేమో మీ అమ్మాయి చేతనే చూపించండి.