ఎముక కనిపించే గాయానికి పసరు కట్టు వద్దు

ప్రశ్న: మా తమ్ముడికి 32 ఏళ్లు. మూడు వారాల కిందట బైకు మీద నుంచి పడి చీలమండకు పైన కాలు విరిగింది. కడ్డీలు బిగించారు కానీ గాయంలో ఎముక కనిపిస్తోంది. తొడ నుంచి కండ తీసి ఫ్లాప్ వేయాలని తిరుపతిలో డాక్టరు చెప్పారు. చర్మం దానంతటదే రాదా? తొడ మీద మచ్చ పడుతుందా? ఇప్పుడు పసరు కట్టు కడుతున్నాం, మెడికల్ షాపులో ఇచ్చిన మాత్రలు వేస్తున్నాం. బీడీ అలవాటుంది.
– ఓ పాఠకురాలు, పలమనేరు

జవాబు: మచ్చ సంగతి తర్వాత. మూడు వారాలుగా ఎముక బయటే ఉందమ్మా, ముందు దాని గురించి మాట్లాడాలి.

పైపొర పోయి ఎండిన ఎముక మీద చర్మం రాదు. పలుచటి చర్మం తెచ్చి అతికించినా, అంటే గ్రాఫ్ట్ వేసినా, నిలవదు. అది మొదటి రెండు రోజులు అడుగున ఊరే ద్రవంతో బతుకుతుంది, ఆపైన అడుగు నుంచే రక్తనాళాలు ఎక్కాలి. ఎర్రటి కండ మీదైతే ఎక్కుతాయి, ఎండిన ఎముక మీద ఎక్కవు. ఫ్లాప్ అయితే తన రక్తనాళాన్ని తనతోనే తెచ్చుకుంటుంది. మోకాలి కింది గాయానికి పిక్క కండను తిప్పి కప్పేస్తారు. చీలమండ దగ్గర అంత కండ ఉండదు కాబట్టి, చాలాసార్లు తొడ నుంచి తెచ్చి రెండు మూడు మిల్లీమీటర్ల నాళాలను మైక్రోస్కోపు కింద కుట్టాల్సి వస్తుంది.

ప్రమాదం లేదనను. మొదటి మూడు రోజులు కీలకం. సిరలో రక్తం గడ్డకడితే ఫ్లాప్ నీలంగా ఉబ్బుతుంది, ధమనిలో అయితే పాలిపోయి చల్లబడుతుంది. ఏదైనా గంటల్లోనే మళ్లీ థియేటర్‌కు తీసుకెళ్లాలి. అయినా కొన్ని ఫ్లాపులు దక్కవు. బీడీ ఆ సన్నటి నాళాలను ఇంకా బిగిస్తుంది, ఈరోజే మాన్పించండి. షుగర్ పరీక్ష కూడా చేయించండి.

ఇక పసరు. ఆకు ముద్దతో పాటు మట్టి, క్రిములు నేరుగా ఎముకలోకి పోతాయి. చదువుకున్నవారు మీరే ఇలా చేస్తే ఎలా? చీటీ లేకుండా వేసే యాంటీబయాటిక్ వల్ల కల్చర్ పరీక్షలో క్రిమి దొరక్కుండా పోవచ్చు, ఏ మందు ఇవ్వాలో సర్జన్‌కు తెలియదు. ఎముకకు చీము పట్టిందంటే ఫ్లాప్ కంటే ముందు చచ్చిన ఎముకను చెక్కేయాలి, కొందరికి కాలు పొట్టి కూడా అవుతుంది.

కట్టు విప్పి, సెలైన్‌తో కడిగి, సెలైన్‌లో తడిపిన గాజుగుడ్డ కప్పి, ఒకటి రెండు రోజుల్లో అదే సర్జన్ దగ్గరికి వెళ్లండి. మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్లండి. చలిజ్వరం, దుర్వాసన, వేళ్లు నల్లబడటం ఉంటే అదేరోజు. ఖర్చు భయమైతే ఎన్టీఆర్ వైద్యసేవ కౌంటర్‌లో అడగండి. కాలు చూడకుండా ఇంతకు మించి చెప్పలేను, ఎక్స్‌రే చూసినవారిదే తుదిమాట.

మచ్చ పడుతుంది. తొడ మీద తీసిన ముక్క వెడల్పు ఎనిమిది సెంటీమీటర్ల లోపైతే సాధారణంగా కుట్టేస్తారు, నిలువు గీత మిగులుతుంది. మించితే అక్కడా గ్రాఫ్ట్ వేయాలి, అతుకు కనిపిస్తుంది. కాలి మీద ఫ్లాప్ మొదట ఉబ్బెత్తుగా ఉంటుంది. చెప్పు పట్టకపోతే ఆరు నెలల తర్వాత పలుచన చేయించుకోవచ్చు.