గేమ్ మాస్టర్‌కి స్క్రీన్ అవసరమా? మా పరీక్ష అట్టల కథ

ప్రశ్న: డంజన్స్ అండ్ డ్రాగన్స్ లాంటి, తలా ఒక పాత్ర వేసుకుని పాచికలతో కథగా ఆడే ఆటలు ఆడించేటప్పుడు గేమ్ మాస్టర్, అంటే కథ నడిపించేవాడు, తన ముందు స్క్రీన్ అని ఒక మడత అట్ట నిలబెట్టుకుంటాడు కదా, దానివల్ల నిజంగా ఉపయోగం ఉందా? నేను కొత్తగా మొదలుపెడుతున్నాను. డబ్బు పెట్టి కొనాలా?

ఉపయోగం ఉంది. కొనక్కర్లేదు. మూడు పరీక్ష అట్టలు, ఒక సెల్లో టేపు చాలు. ఈ మాట ఇంత తేలిగ్గా చెప్తున్నా, ఇక్కడికి రావడానికి నాకు రెండేళ్లు పట్టింది. మధ్యలో శకుని అని పేరు కూడా పడింది. అందుకని కాస్త వివరంగా రాస్తాను.

మాది కావలి. నాతో కలిపి ఆరుగురం. ముగ్గురు ఒంగోలు నుంచి, ఇద్దరు నెల్లూరు నుంచి వస్తారు. కావలి ఇద్దరికీ మధ్యలో ఉంది, పైగా మా మేడ మీద గది ఖాళీగా ఉంటుంది కాబట్టి నెలకో ఆదివారం మా ఇంట్లోనే ఆట. ఒంగోలు వాళ్లు పొద్దున పినాకినిలో దిగి, సాయంత్రం మళ్లీ పినాకినిలోనే వెళ్లిపోతారు. ఆటకి దక్కేది గట్టిగా ఏడు గంటలు. అందులో భోజనం ఒక గంట. ఆ రైలు టైము ఎందుకు చెప్తున్నానో తర్వాత మీకే తెలుస్తుంది.

నా మొదటి స్క్రీన్ టీవీ డబ్బా అట్టతో చేసింది. నిలువుగా ఉండేది. మేం చాప మీద కూర్చుని ఆడతాం కాబట్టి అది నా ముక్కు దాకా వచ్చేది. అవతలివాళ్లకి నా కళ్లు, నుదురు తప్ప ఏమీ కనిపించేవి కావు. అదే గొప్ప అనుకునేవాడిని. పాచికలు చాటుగా వేసుకోవడమే స్క్రీన్ పని అని నా నమ్మకం.

అప్పుడు ఆడుతున్న కథ మన ఉదయగిరి కోట మీద అల్లుకున్నది. కృష్ణదేవరాయలు 1513లో ముట్టడి మొదలుపెట్టి, ఎంతకీ లొంగకపోతే కాచుకుని కూర్చుని 1514లో గజపతుల దగ్గర్నుంచి తీసుకున్న కోట అది. లోపలికి దొంగదారి ఉందని నేను కల్పించాను. ఆ దారిలో ఒక ఓగర్, అంటే మన రాక్షసుడే, చేతిలో దుడ్డుకర్రతో నిలబడి ఉన్నాడు. ఒంగోలు మిత్రుడి పాత్ర మొదటి మెట్టు మాంత్రికుడు, మొత్తం ప్రాణాలు 8. రాక్షసుడి వంతు వచ్చింది. అట్ట వెనక ఇరవై ముఖాల పాచిక వేస్తే 20 పడింది. 20 పడితే దెబ్బ పాచికలు రెట్టింపు వేయాలి కదా, అవి కలిపితే 22. ప్రాణాలు సున్నాకి వచ్చాక కూడా ఇంకా 14 మిగిలింది. అలా మిగిలింది పాత్ర పూర్తి ప్రాణాలకి సమానమైనా, ఎక్కువైనా అక్కడికక్కడే చావు, మూర్ఛ ముచ్చట కూడా ఉండదు. పొద్దున్నే లేచి రైలెక్కి వచ్చినవాడిని పదకొండు గంటలకే ఎలా చంపను? "తగల్లేదు" అన్నాను.

సరిగ్గా అప్పుడే కరెంటు వచ్చింది. ఫ్యాన్ ఒక్కసారిగా తిరిగేసరికి ఆ అట్ట గాలికి ముందుకి వాలి బొక్కబోర్లా పడింది. ఇరవై పైకి చూస్తున్న పాచిక అందరికీ కనిపించింది.

"తగల్లేదన్నావేంది మామా?" అని ఒకడు అడిగాడు. ఇంకొకడు "శకుని మామా" అన్నాడు. నవ్వులు. నవ్వనివాడు ఒక్కడే, నేను కాపాడిన మాంత్రికుడు. "అయితే పోయిన నెల ఆ బావిలోంచి నేను బయటపడింది కూడా నీ దయేనా?" అన్నాడు. నిజానికి అది అతని తెలివే. ఎన్నిసార్లు చెప్పినా నమ్మలేదు. ఎలా నమ్ముతాడు? చిన్నప్పటి నుంచి మనం ఆడిన ఆటలు చూడండి, అష్టా చెమ్మా గానీ, పచ్చీసు గానీ, గవ్వలు అందరి మధ్యలో పడాల్సిందే. చాటుగా వేసేవాడిని ఆటలోంచి లేపేస్తారు.

ఆ కోపంలో అట్ట తీసి అటక మీద పారేశాను. తర్వాత నాలుగైదు నెలలు ఏ అడ్డూ లేకుండా ఆడించాను. అప్పుడు తెలిసింది అది చేసే అసలు పని.

మొదటిది, పటం. దొంగదారి, ఉచ్చులు, ఎవరెక్కడ దాక్కున్నారో అన్నీ నా కాగితం మీదే. దాన్ని మోకాలి మీద, దిండు కింద దాచుకుంటూ ఆడించాను. మా అవ్వ బజ్జీలు పెట్టడానికి వచ్చి, నా వెనక నుంచి తొంగిచూసి "ఏంది అబ్బయా, ఈడ నాలుగు దయ్యాలు గీసినావు?" అని అడిగేసింది. రెండోది, రూల్స్. కింద పడి ఉన్నవాడి మీద బాణం వేస్తే ఏమవుతుంది, పది అడుగుల పైనుంచి పడితే దెబ్బ ఎంత, మంత్రం పట్టి ఉంచుకున్నవాడికి దెబ్బ తగిలితే ఏ అంకె తెచ్చుకోవాలి, ప్రతిదానికీ పుస్తకం తెరవడమే. ఒక ఆదివారం లెక్క చూస్తే పేజీలు తిప్పడానికే గంట పైన పోయింది. ఏడు గంటల ఆటలో గంట! పినాకిని మనకోసం ఆగదు.

ఈ స్క్రీన్లు అసలు పుట్టింది కూడా ఇందుకే అనిపిస్తుంది. ఆట 1974లో వచ్చింది. 1977లో జడ్జెస్ గిల్డ్ అనే సంస్థ ఇలాంటి అట్టలు అచ్చువేసి అమ్మింది. 1979లో ఆటకి అప్పటి సొంతదారు టీఎస్ఆర్ కంపెనీ కూడా తనది తెచ్చింది. అప్పట్లో దెబ్బ తగిలిందో లేదో చూడాలన్నా పట్టికే, అన్నీ ఎవరికి గుర్తుంటాయి?

అందుకని మళ్లీ చేశాను. ఈసారి మూడు పరీక్ష అట్టలు అడ్డంగా పెట్టి, పక్కపక్కన టేపుతో అతికించాను. ఎత్తు తక్కువ కాబట్టి నా ముఖం అందరికీ కనిపిస్తుంది, నాకూ వాళ్ల ముఖాలు కనిపిస్తాయి. గాలికి పడదు, అంతగా అయితే క్లిప్పులకి రెండు తాళంచెవులు తగిలిస్తే బరువుంటుంది. క్లిప్పులు ఉండటంవల్ల లోపలి కాగితాలు కథని బట్టి మార్చుకోవచ్చు. అచ్చువేసినవాటిలో ఆ సుఖం లేదు.

లోపల ఏం పెట్టుకున్నాను? పని జరగాలంటే పాచికతో తెచ్చుకోవాల్సిన అంకెలు: తేలిక పనికి 10, మామూలుకి 15, కష్టానికి 20. ఎత్తు నుంచి పడితే ప్రతి పది అడుగులకి ఒక ఆరు ముఖాల పాచిక. మంత్రం నిలబెట్టుకోవాలంటే 10 గానీ, తగిలిన దెబ్బలో సగం గానీ, ఏది ఎక్కువైతే అది. ఇలాంటివి ఒక పేజీ. కానీ నేను ఎక్కువగా చూసేది పేర్ల జాబితా. పెంచలయ్య, మస్తానయ్య, రమణమ్మ, కోటయ్య, ఇలా ముప్పై పేర్లు. పూటకూళ్లమ్మ పేరేంటని ఎవడో ఒకడు అడుగుతాడు, ఆ క్షణంలో బుర్ర పనిచేయదు. జాబితా లేని రోజుల్లో మా కథలో ముగ్గురు రాముళ్లు తయారయ్యారు. వాడిన పేరు కొట్టేసి, పక్కన అది ఎవరి పేరో రాసుకుంటాను. పై అంచుకి బట్టల క్లిప్పులు, ఒక్కోదాని మీద ఒక్కో పాత్ర పేరు. యుద్ధంలో ఎవరి తర్వాత ఎవరో అందరికీ కనిపిస్తుంది కాబట్టి "నా వంతెప్పుడు" అనే గోల సగం తగ్గింది.

బయటి వైపు ఖాళీగా వదిలేశాను. అది చూసి అవ్వ "తెర కట్టినావు, బొమ్మ ఏదిరా?" అంది. తోలుబొమ్మలాటలు చూసి పెరిగిన మనిషి, ఆమె లెక్కలో తెర ఉన్నదే చూపించడానికి. మాట బాగుందనిపించి ఆ వైపు ఉదయగిరి కొండ, కోట గోడలు పెన్సిల్‌తో గీసి అంటించాను. వాళ్లకి తెలిసిన దారులన్నీ అందులో ఉన్నాయి, దొంగదారి తప్ప. ఇప్పుడు వాళ్లు దాని మీదే వేలు పెట్టి ప్లాన్లు వేసుకుంటున్నారు.

ఇక పాచికలు. యుద్ధంలో పాచికలన్నీ అట్టకి అవతల, స్టీలు పళ్లెంలో వేస్తాను. మోత కూడా బాగుంటుంది. ఒక్కటి మాత్రం లోపలే. ఎవడైనా ఉచ్చు వెతికితే వాడి తరఫున నేను చాటుగా వేస్తాను. 3 పడిందని వాడికి తెలిస్తే, నేను "ఏమీ లేదు" అన్నా ఎవడు నమ్ముతాడు? ఇది ముందే అందరూ కూర్చుని ఒప్పుకున్న పద్ధతి, కాబట్టి గొడవ లేదు.

మీరు ఆడించబోయే ఆట ఏదో రాయలేదు. అపోకలిప్స్ వరల్డ్ లాంటి వాటిలో మాస్టర్ అసలు పాచికలే వేయడు, అక్కడ ఒక కాగితం ముందు పెట్టుకుంటే సరిపోతుంది. డంజన్స్ అండ్ డ్రాగన్స్ అయితే రెండు మూడు ఆటలు అడ్డు లేకుండా ఆడించి, ఏ రూలు కోసం ఎన్నిసార్లు పుస్తకం తెరిచారో గీతలు పెట్టుకోండి. ఎక్కువ గీతలు పడినవే మీ అట్ట మీదకి రావాలి.

మా మాంత్రికుడి సంగతి అడుగుతారేమో. పోయిన నెల పళ్లెంలో, అందరి కళ్లముందు, 20 పడి చచ్చిపోయాడు. మా ఒంగోలువాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ పాచిక తీసి జేబులో వేసుకుని పినాకిని ఎక్కాడు. ఇంకా తిరిగివ్వలేదు.