గుడి దగ్గర ఇల్లు కురుస్తోంది, అడిగితే ఖాళీ చేయమంటున్నారు

ప్రశ్న: అలంపూర్‌లో నవబ్రహ్మ ఆలయాలకు దగ్గరలో ఓ పాత ఇంట్లో కిరాయికి ఉంటున్నాం. కిరాయి నెలకు రూ.4,500, అడ్వాన్సు రూ.9,000. 11 నెలల అగ్రిమెంటు గడువు తీరినా ఓనర్ కిరాయి తీసుకుంటూనే ఉన్నారు. పెద్ద రిపేర్లు ఆయనే చేయించాలని కాగితంలో ఉంది. వానొస్తే ఇల్లు కురుస్తోంది. అడిగితే, ‘పురావస్తు శాఖ వాళ్లు ఇటుక కూడా ముట్టనివ్వరు’ అంటున్నారు. గట్టిగా అడిగేసరికి, వారంలో ఖాళీ చేయకపోతే కరెంటు తీయిస్తానన్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఒక మాట. ఇల్లు కురుస్తోందని కిరాయి మాత్రం ఆపకండి. చాలామంది కేసు పాడుచేసుకునేది అక్కడే. తేదీ తప్పకుండా బ్యాంకు ద్వారా గానీ ఫోన్‌పేలో గానీ కట్టండి.

మీ కిరాయి రూ.2,000 దాటింది కాబట్టి మున్సిపాలిటీలో ఉన్నా అద్దె నియంత్రణ చట్టం వర్తించదు. మీకు వర్తించేది 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం. గడువు తీరాక కూడా ఓనర్ కిరాయి తీసుకుంటున్నారంటే అది నెలనెలా సాగే కిరాయి. ఖాళీ చేయించాలంటే 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. మీకు అందిన రోజు నుంచి గడువు లెక్క. ఆ తర్వాతా మీరు కదలకపోతే ఆయన కోర్టుకు వెళ్లాలే తప్ప సామాను బయట పెట్టకూడదు. తాళం వేసి వెళ్లగొడితే 6 నెలల్లోపు దావా వేసి మళ్లీ ఇంట్లోకి రావచ్చు.

కరెంటు కనీస అవసరమని, ఓనర్ అభ్యంతరం లేదని రాసివ్వలేదన్న కారణంతో కిరాయిదారుకు దాన్ని నిరాకరించకూడదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. బెదిరింపు వాట్సాప్‌లో వస్తే చెరిపేయకండి. దాన్ని చూపించి సివిల్ కోర్టులో ఇంజంక్షన్ (కరెంటు తీయకుండా ఆపే ఉత్తర్వు) కోరవచ్చు.

ఇక రిపేరు సంగతి. ఓనర్ చెప్పింది సగమే నిజం. రక్షిత కట్టడం హద్దు నుంచి 100 మీటర్ల దాకా నిషేధిత ప్రాంతం, అక్కడి నుంచి మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కొలవాల్సింది గుడి గోపురం నుంచి కాదు, రక్షిత స్థలం హద్దు నుంచి. నిషేధిత ప్రాంతంలో కొత్త కట్టడం కుదరదు. కానీ 1992 జూన్ 16కు ముందు కట్టిన ఇంటికైతే మరమ్మతు అనుమతి కోసం ఓనర్ కాంపిటెంట్ అథారిటీకి (ఇలాంటి అనుమతులు చూసే అధికారికి) దరఖాస్తు చేసుకోవచ్చు. దరఖాస్తు పెట్టాల్సింది ఇంటి యజమానే, మీరు కాదు. ఈ హద్దుల్లో అనుమతి లేకుండా కట్టడం పని చేస్తే రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడొచ్చు. అందుకే ఓపిక నశించినా మీరే మేస్త్రిని పిలిపించవద్దు. ఓనర్ రిపేరు చేయించకపోతే కిరాయిదారే చేయించుకుని ఖర్చును కిరాయిలో మినహాయించుకునే హక్కు ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్‌లో ఉంది. అయితే మీ ఇల్లు ఈ హద్దుల్లో ఉంటే అనుమతి వచ్చాకే దాని జోలికి వెళ్లాలి. ఈలోగా పైన టార్పాలిన్ కప్పించుకోండి.

దూలం పక్కన తడి మరక, కింద పెట్టిన బకెట్ రెండూ తేదీతో పడేలా ఫొటోలు తీయండి. మేస్త్రి చేత అంచనా రాయించి, దాని నకలు జతచేసి, ‘15 రోజుల్లో అనుమతికి దరఖాస్తు పెట్టండి’ అని స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి. రసీదు దాచుకోండి. నోటి మాట కోర్టులో నిలవడం కష్టం.

మాటలతో తేలేలా ఉంటే గద్వాలలోని జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టండి. కోర్టు ఫీజు ఉండదు. ఫోన్ చేయాలంటే 15100. ఒకవేళ ఖాళీ చేయాల్సి వస్తే, తాళాలు ఇచ్చే రోజే మీటర్ రీడింగ్, గోడలు ఫొటో తీసి, తాళాలు అందినట్టు సంతకం తీసుకోండి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు, కురిసిన నీటి మరకలకు అడ్వాన్సులో కోత పెట్టే హక్కు ఓనర్‌కు లేదు. ఇవ్వకపోతే దావాకు మూడేళ్ల గడువుంటుంది.