ట్యాలీ వచ్చు, తర్వాతేంటి?

ప్రశ్న: బీకాం కంప్యూటర్స్ ఫైనలియర్ చదువుతున్నాను. అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ ట్యాలీ నేర్చుకున్నాను. ఎంట్రీలన్నీ సాఫ్ట్‌వేరే చేసేస్తుంటే ఇక అకౌంటెంట్లతో పనేముందని బంధువులు అంటున్నారు. స్నేహితులేమో అమీర్‌పేటలో శాప్ ఫైకో (పెద్ద కంపెనీలు వాడే అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ కోర్సు) చేయమంటున్నారు. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
- ఓ విద్యార్థిని, తెనాలి

జవాబు: మీ బంధువుల మాటలో సగం నిజముంది. ఓచర్లు, అంటే ఒక్కో లావాదేవీ ఎంట్రీ, కొట్టే పని తగ్గుతోంది. కానీ వ్యాపారి తన అకౌంటెంటును అడిగేది ఓచర్ల గురించి కాదు. ‘ఈ పార్టీకి ఇంకా సరుకు ఇవ్వొచ్చా?’ అని అడుగుతాడు.

ఒక హోల్‌సేల్ షాపు అనుకోండి. పెద్ద పార్టీ ఒకటి నెలకు రూ.6 లక్షల సరుకు తీసుకుంటుంది. మార్జిన్ 4 శాతం, అంటే నెలకు రూ.24 వేలు. అయితే డబ్బు 90 రోజులకు గానీ ఇవ్వదు. కాబట్టి ఆ పార్టీ దగ్గర ఎప్పుడూ రూ.18 లక్షలు ఆగి ఉంటాయి. నూటికి రూపాయి వడ్డీ వేసుకున్నా నెలకు రూ.18 వేలు పోయి, మిగిలేది 6 వేలే. చిన్న పార్టీ నెలకు రూ.2 లక్షల సరుకే తీసుకుంటుంది. మార్జిన్ 6 శాతం, డబ్బు 15 రోజుల్లో కట్టేస్తుంది. 12 వేలలో వడ్డీ వెయ్యి తీసేస్తే 11 వేలు మిగులుతాయి. షాపులో కుర్చీ వేసి, టీ తెప్పించేది మాత్రం పెద్ద పార్టీకే!

ఈ లెక్క యజమానికి కనిపించాలంటే ట్యాలీలో బకాయిల రిపోర్టు సరిగ్గా రావాలి. వచ్చిన డబ్బును ఏ బిల్లుకు వచ్చిందో ఆ బిల్లుకే జమ చేయకుండా, తొందరలో ‘ఆన్ అకౌంట్’ అని కొట్టేస్తారు. పార్టీ మొత్తం బ్యాలెన్స్ కరెక్టుగానే ఉంటుంది. ఏ బిల్లు ఎన్ని రోజుల పాతదో మాత్రం తేలదు. అప్పు ఆపాలా, ఇవ్వాలా అన్నది ఆ రోజుల లెక్క మీదే ఆధారపడి ఉంటుంది. అందుకే ఎంట్రీని చిన్న పనిగా చూడొద్దని నా విద్యార్థులకు పదేపదే చెబుతాను.

కొనుగోళ్ల వైపూ ఇంతే. సప్లయర్ తన అమ్మకాల జీఎస్టీ రిటర్ను (జీఎస్టీఆర్-1) వేయకపోతే ఆ బిల్లు నెలనెలా 14న వచ్చే మన కొనుగోళ్ల క్రెడిట్ పట్టీ జీఎస్టీఆర్-2బీలో కనిపించదు, ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును మన పన్నులో తగ్గించుకునే వీలు) ఆగిపోతుంది. రూపాయి తక్కువకు ఇస్తున్నాడని అతని దగ్గరే కొనాలా వద్దా? పర్చేజ్ రిజిస్టర్‌నూ 2బీనీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లే దీనికి జవాబు చెప్పగలరు.

శాప్ ఫైకో పెద్ద కంపెనీల్లో పనికొస్తుంది. కానీ కంపెనీ అనుభవం లేకుండా ఇప్పుడే అప్పు చేసి ఆ కోర్సులో చేరడం నాకు ఇష్టం లేదు. ముందు ఎక్సెల్‌లో పివట్ టేబుల్ (పెద్ద లిస్టును కావాల్సినట్టు కూడి చూపే పట్టిక) మీద చేయి తిరగనివ్వండి. డిగ్రీ అయ్యాక సీఎంఏ (కాస్ట్ అండ్ మేనేజ్‌మెంట్ అకౌంటెన్సీ) కోర్సు రెండో దశ అయిన ఇంటర్‌లో నేరుగా చేరవచ్చు. 2022 సిలబస్‌లో ఫైనాన్షియల్ మేనేజ్‌మెంట్‌తో పాటు బిజినెస్ డేటా అనలిటిక్స్ కూడా ఉంది. మీకు అది బాగా సరిపోతుంది.

ఈలోగా తెలిసినవాళ్ల షాపు ఏదైనా ఉంటే, వాళ్లను అడిగి మూడు నెలల బకాయిల లిస్టు తీసుకోండి. ఏ పార్టీ ఎన్ని రోజులకు కడుతోందో ఒక్క పేజీలో రాసి యజమానికి చూపించండి. ఆయన ముందుగా ఏ పేరు మీద వేలు పెట్టి ప్రశ్న వేస్తాడో గమనించండి.