బరంపురం నుంచి సికింద్రాబాద్‌కు రాత్రి రైలు: కాంటాక్ట్ లెన్సులతోనే పడుకోవచ్చా?

వద్దండీ. నిద్రలో కన్ను మూసి ఉంటే నల్లగుడ్డుకు ఆక్సిజన్ తగ్గుతుంది, లెన్సు అడ్డుంటే ఇంకా తగ్గుతుంది, ఇన్ఫెక్షన్ ముప్పు పెరుగుతుంది. ఏసీ బోగీలో అయితే కన్ను పొడిబారి, తెల్లవారేసరికి లెన్సు అతుక్కుపోతుంది. అప్పుడు గిల్లి లాగకండి. లెన్సులకు పనికొచ్చే చుక్కలు వేసి, రెప్పలాడిస్తూ కాసేపు ఆగితే అదే కదులుతుంది.

అసలు తంటా చేతులతోనే. ఊగే రైల్లో, తడి వాష్‌బేసిన్ దగ్గర లెన్సు తీయడం నాకైతే టెన్షనే. అందుకే స్టేషన్‌కు బయల్దేరేముందు ఇంట్లోనే తీసేసి కళ్లద్దాలు పెట్టుకుంటాను. రైల్లోనే తీయాల్సి వస్తే సబ్బుతో చేతులు కడిగి, శుభ్రమైన పొడి రుమాలుతో తుడుచుకోండి.

లెన్సులు కడిగి నానబెట్టే సొల్యూషన్ మర్చిపోయారా? కుళాయి నీళ్లు, బిస్లెరీ ఏవీ వద్దు. నీళ్లలో అకంథమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, అది చూపునే దెబ్బతీస్తుంది. సెలైన్ క్రిముల్ని చంపదు. డబ్బాలో నిన్నటి సొల్యూషన్ పారబోసి కొత్తది పోయాలి. గోపాలపూర్ సముద్రంలో దిగినా ఇదే లెక్క, లెన్సులు తీసే దిగండి.

కన్ను ఎర్రబడి నొప్పెడితే, వెలుతురు చూడలేకపోతే లెన్సు తీసేసి అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి.