హైస్కూల్‌ను చిన్న జట్లుగా విడదీయాలంటే

మాస్టారూ, మీ జెడ్పీ హైస్కూల్లో 1200 మంది పిల్లలు, ఎవరెవరో టీచర్లకే తెలియట్లేదు, చిన్న చిన్న బళ్లలా ఎలా చెయ్యాలి అని అడిగారు కదా. ముందు టీచర్లను విడదీయండి. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సైన్స్, సోషల్ చెప్పేవాళ్లు ఒక జట్టు, వాళ్లకి కొన్ని సెక్షన్లు, ఎనిమిదిలో పట్టుకున్న పిల్లల్ని పది దాకా వదలకూడదు. హిందీ మేడమ్, పీఈటీ గారు అందరికీ ఉమ్మడి. అన్నిటికన్నా ముఖ్యం, జట్టు మొత్తానికీ వారానికో పీరియడ్ ఒకేసారి ఖాళీ ఉండాలి, అది లేకపోతే పేర్లు మార్చడమే మిగులుతుంది. గోదారికి వరదొచ్చినప్పుడు లంక నుంచి పడవ మీద వచ్చే పిల్లాడికి రోజూ మొదటి పీరియడ్ లెక్కలే పోతున్నాయని నలుగురూ కలిసి కూర్చుంటేనే బయటపడుతుంది, అప్పుడు ఆ పీరియడ్‌ను మధ్యాహ్న భోజనం తర్వాతకి జరపొచ్చు.

మార్కుల్ని బట్టి మాత్రం విడదీయకండి, దయచేసి. ఒక జట్టుకి మొద్దుల జట్టని పేరు పడితే ఆ పిల్లలు ఇక తేరుకోరు.

అమెరికాలో గేట్స్ ఫౌండేషన్ దీనికి బోలెడంత డబ్బు పెట్టింది, కానీ చాలా బళ్లలో చదువు పెద్దగా మెరుగుపడలేదని 2009లో బిల్ గేట్సే రాశారు. న్యూయార్క్ చిన్న హైస్కూళ్లలో మాత్రం చదువు పూర్తిచేసేవాళ్లు పెరిగారు. కాబట్టి జూన్‌లో ఒక్క ఎనిమిదో తరగతితోనే మొదలుపెట్టండి.