పల్లె టీ కొట్టు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మా డ్వాక్రా సంఘం వాళ్లం విశాఖ పూర్ణా మార్కెట్‌లో లూజు టీ పొడి కొని, ప్యాకెట్లు కట్టి చుట్టుపక్కల ఊళ్ల కొట్లకు వేద్దామనుకుంటున్నాం. మంచి పొడిని ఎలా గుర్తుపట్టాలి? ప్యాకింగులో ఏం చూసుకోవాలి?
– ఒక పాఠకురాలు, పద్మనాభం మండలం

జవాబు: మన పల్లెల్లో కదిలే సరుకు సీటీసీ డస్టేనమ్మా, అంటే ఆకును రోలర్ల మధ్య నలిపి, చించి, చుట్టి చేసే సన్నపొడి. రేణువు సన్నం కాబట్టి రంగు, చిక్కదనం త్వరగా దిగుతాయి. మూడు నాలుగు రకాలు తలా 50 గ్రాములు శాంపిల్ తెచ్చుకోండి. అరచేతిలో వేసుకుని వాసన చూసి బేరం కుదుర్చుకోకండి, కాచి చూడాల్సిందే. ఒక్కో రకం 2 గ్రాములు కప్పులో వేసి, 100 మిల్లీలీటర్ల మరుగు నీళ్లు పోసి, మూతపెట్టి 6 నిమిషాలకు వడకట్టండి. డికాక్షన్ రుచి చూశాక అన్నిట్లోనూ అవే పాలు, అంతే కొలత కలపండి. పాలు పడ్డాక ఎర్రగా నిలబడేది తీసుకోండి, బూడిద రంగుకు తిరిగేది వద్దు. అస్సాం డస్ట్ చిక్కగా దిగుతుంది, నీలగిరి డస్ట్‌కు సువాసన ఎక్కువ. రెండు వంతులు అస్సాం, ఒక వంతు నీలగిరితో మొదలుపెట్టి, మీ ఊరి నోటికి తగ్గట్టు మార్చుకోండి.

రంగు కలిపారేమోనన్న అనుమానం ఉంటే తెల్లటి వడపోత కాగితం మీద పొడి పరిచి కాసిని నీళ్లు చిలకరించండి. కాసేపాగి పొడి దులిపేసి, కాగితాన్ని కుళాయి కింద కడిగి వెలుతురుకు పట్టి చూడండి. మంచి పొడి మరక మిగల్చదు. అయస్కాంతం తిప్పితే కాస్త ఇనుప రజను అంటుకోవచ్చు. సీటీసీ రోలర్లు అరిగి వచ్చేది కొంత ఉంటుంది కాబట్టి నిబంధనలు కిలోకు 250 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటాయి. అయస్కాంతానికి మీసంలా కట్టిందంటే మాత్రం ఆ బస్తా ముట్టుకోకండి.

ఇక ప్యాకింగు. అసలు చిక్కంతా ఇక్కడే. సముద్రపు గాలికి విప్పిన బస్తా తేమ పీల్చేస్తుంది. మంచి పొడి వేళ్ల సందున జలజలా జారిపోతుంది, నొక్కితే ఉండ కట్టిందంటే తేమ పట్టినట్టే. ముసురు పట్టిన రోజున బస్తా విప్పకండి. విప్పితే ఆ పూటే పని ముగించాలి. ఎండుచేపలు, సబ్బులు, అగరబత్తులు ఉన్న గదిలో ప్యాకింగు వద్దేవద్దు. టీ పొడి పక్క వాసనలన్నీ పట్టేస్తుంది, ఇక వదలదు. కవరు లోపల వెండిలా మెరిసే పూత ఉన్న లామినేటెడ్ రకం కావాలి, పల్చటి ప్లాస్టిక్ సంచి పనికిరాదు. సీలు ఊడిపోవడానికి ఎక్కువసార్లు మిషను కారణం కాదు, మూతి దగ్గర అంటుకున్న సన్నపొడి. గరాటాతో నింపి, పైన అంగుళం వదిలి, మూతి లోపల పొడిగుడ్డతో తుడిచి అప్పుడు సీలు వేయండి. పాతిక ప్యాకెట్లకు ఒకటి తీసి నీళ్లలో ముంచి నొక్కండి. బుడగలొస్తే సీలు కారుతున్నట్టే.

తూకం కవరు కాకుండా 100 గ్రాములు ఉండాలి. కవరు మీద మీ పేరు, చిరునామా, నికర బరువు, ప్యాక్ చేసిన నెల, ఎంఆర్‌పీ, గ్రాము ధర, ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చే 14 అంకెల నంబరు వేయాలి.

లెక్క ఇలా వేసుకోండి. కిలో రూ.280 అనుకుంటే, తరుగు 20 గ్రాములు తీసేశాక 100 గ్రాముల పొడి దాదాపు రూ.28.60 పడుతుంది. కవరు, లేబులు రూ.2.50, ఆటో కిరాయి రూపాయి కలిపితే రూ.32 పైచిలుకు. కొట్టుకు రూ.36కు వేస్తే మీకు నాలుగు రూపాయలు కూడా నిండా మిగలవు. అందుకే అరువు పెట్టొద్దనేది. ఒక ప్యాకెట్ డబ్బు ఎగ్గొడితే తొమ్మిది ప్యాకెట్ల లాభం పోయినట్టే. 5, 10 గ్రాముల ప్యాకెట్లకు గిరాకీ బాగానే ఉంటుంది గానీ కవరు ఖర్చే తినేస్తుంది. మొదట 50, 100 గ్రాములతో నడపండి.

ప్రశ్న: వెనకటికి ఊళ్లలో టీ ఊరికే పోసి అలవాటు చేశారంటారు, నిజమేనా?
– ఒక పాఠకుడు, పెందుర్తి

జవాబు: నిజమే. 1903లో వచ్చిన చట్టంతో ఎగుమతయ్యే టీ మీద సెస్సు వసూలు చేసి ఆ డబ్బు ప్రచారానికి పెట్టారు. 1930లలో ప్రపంచ మాంద్యంతో ఎగుమతులు పడిపోయేసరికి కంపెనీల చూపు మన మీద పడింది. సంతల్లో, బజార్లలో కాచి చూపించి ఉచితంగా పోశారు. రైల్వే స్టేషన్లలో టీ కాచే పద్ధతి రాసిన ఎనామిల్ బోర్డులు పెట్టారు.

ప్రశ్న: ఆనందపురం దగ్గర మాకు టీ బండి ఉంది. అల్లం టీ తరచూ విరిగిపోతోంది. బోరు నీళ్లతో పెడితే పైన తెట్టు కడుతోంది. ఏం చేయాలి?

జవాబు: పాలలో పచ్చి అల్లం దంచి వేస్తున్నట్టున్నారు. అల్లంలో పాలను విరగ్గొట్టే ఎంజైము ఉంటుంది, మరుగు వేడికి అది చచ్చుబడుతుంది. కాబట్టి అల్లం ముందు నీళ్లలో ఉడకాలి. అర లీటరు నీళ్లలో దంచిన అల్లం 15 గ్రాములు వేసి 3 నిమిషాలు మరిగించండి. 30 గ్రాముల పొడి వేసి ఇంకో 2 నిమిషాలు, ఆపైన పంచదార 100 గ్రాములు. విడిగా కాచిన లీటరు పాలు చివర్లో పోసి రెండు పొంగులు రానివ్వండి. 80 మిల్లీలీటర్ల గ్లాసులు సుమారు 16 వస్తాయి. అంటే కిలో పొడికి 500 గ్లాసుల పైమాటే. కిలో మీద 20 రూపాయలు కలిసొస్తుందని నాసిపొడి కొంటే గ్లాసుకు మిగిలేది 4 పైసలు కూడా కాదు, పోయేది ఖాతాదారు. బెల్లం టీ అయితే స్టవ్ ఆపాకే బెల్లం కలపాలి, లేదంటే పాలు విరుగుతాయి.

తెట్టుకు కారణం నీళ్లలోని కాల్షియం. బోరు నీళ్లను 10 నిమిషాలు మరిగించి, తేరాక పైనీళ్లు వంపుకుని వాడితే చాలావరకు తగ్గుతుంది. ఉప్పునీళ్లయితే మరిగించినా లాభం లేదు, మంచినీళ్ల క్యాన్లే దిక్కు.

ప్రశ్న: ఆశా కార్యకర్త ఇచ్చిన ఐరన్ మాత్ర టీతో వేసుకోవచ్చా?
– ఒక గర్భిణి, భీమిలి

జవాబు: వద్దమ్మా. టీలోని టానిన్లు ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. అన్నం తిన్న వెంటనే టీ తాగినా అంతే. మాత్రను మంచినీళ్లతోనో నిమ్మరసంతోనో వేసుకుని, టీకి కనీసం గంట ఎడం ఇవ్వండి.